మెదడు దాకా చేరే మందు ఏది? యాంటీవైరల్ మందుల పోలిక, ఎంపిక

నల్లగొండ గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో మందుల షాపు నడుపుతున్న నా దగ్గరికి, నిరుడు వానాకాలంలో, నాంపల్లి మండలం దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. షాపులో మనుషులు పలచబడేదాకా పక్కన నిలబడి, ఆ తర్వాత కౌంటర్ మీదికి వంగి, "సారూ, ఇప్పుడిచ్చే గోలి మెదడు దాకా పోతలేదంట గదా. పాత గోలీలే పోతుండెనంట. మళ్ల అవే రాపిచ్చుకోవాల్నా?" అని మెల్లగా అడిగాడు. పదిహేనేళ్లుగా హెచ్‌ఐవీకి ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు తీసుకుంటున్న మనిషి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, ఎప్పుడు చూసినా అదుపులోనే ఉంది. కానీ కొన్ని నెలలుగా పేర్లు గుర్తుకు రావడం లేదు, బస్సు దిగాల్సిన చోట దిగడం లేదు. ఎవరో ఫోన్‌లో ఒక పట్టిక చూపించారట, అందులో ఒక్కొక్క మందుకు ఒక్కొక్క మార్కు వేసి ఉందట.

ఆ పట్టిక నిజమైనదే. దాన్ని చదివే తీరులోనే పొరపాటు ఉంది. ఇలాంటి పోలిక చూసి మందు మార్చుకోవాలా వద్దా అని ఆలోచించేవారికీ, మెదడువాపుతో ఇంట్లో మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చినవారికీ పనికొస్తుందని, ఆయనకు ఆ రోజు చెప్పిన సంగతులనే కొంచెం విస్తరించి రాస్తున్నాను.

అడ్డుగోడ సంగతి

శరీరంలో మిగతా చోట్ల సన్నని రక్తనాళాల గోడల్లోని కణాల నడుమ కొద్దిపాటి సందులుంటాయి, వాటిలోంచి మందు ఊరి బయటికి వస్తుంది. మెదడులోని రక్తనాళాల్లో ఆ కణాలు ఒకదానికొకటి కుట్టేసినట్టు బిగిసి ఉంటాయి కాబట్టి మందు కణంలోంచే దూరి పోవాలి. అణువు చిన్నదై, కొవ్వులో కరిగే గుణం ఉంటే దూరడం సులువు. రక్తంలోని ప్రొటీన్లకు గట్టిగా అతుక్కుని తిరిగే మందు దూరలేదు, అతుక్కోకుండా విడిగా ఉన్న కొద్ది భాగమే దూరగలదు. అలా దూరినా పీ-గ్లైకోప్రొటీన్ వంటి పంపులు కొన్ని మందులను పట్టి మళ్లీ రక్తంలోకి తోసేస్తాయి. రక్తానికీ మెదడుకూ నడుమ అడ్డుగోడలా నిలిచిన ఈ ఏర్పాటంతా విషాల నుంచి మెదడును కాపాడటానికే ఉంది. మందుకూ విషానికీ తేడా ఆ గోడకు తెలియదు.

బతికున్న మనిషి మెదడులోంచి ముక్క తీసి మందు ఎంతుందో కొలవలేం కనుక, మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే వెన్నునీటిని నడుములోంచి తీసి అందులో కొలుస్తారు. వెన్నునీటిలో ఉన్నంత మందే మెదడు కణజాలంలోనూ ఉంటుందని ఖాయంగా అనలేకపోయినా, మనకు దొరికే కొలత అదొక్కటే. మీరు చూసే ఏ శాతమైనా, ఏ మార్కయినా ఎక్కువగా ఈ వెన్నునీటి లెక్కల మీద నిలబడినదే.

శాతం ఒకటి, సరిపోవడం ఇంకొకటి

ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లలో పెద్దలకు మొదటి వరుస మందుగా ఇచ్చే టీఎల్‌డీ గోలీలో టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఉంటాయి. వీటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం మొత్తం అర్థమవుతుంది. రక్తంలో ఉన్న టెనోఫోవిర్‌లో దాదాపు 5 శాతం వెన్నునీటిలోకి చేరుతుంది. డొలుటెగ్రావిర్ మాత్రం అర శాతం అటూ ఇటుగానే చేరుతుంది. శాతం మాత్రమే చూస్తే టెనోఫోవిర్ పదింతలు మేలు అనిపిస్తుంది. అసలు సంగతి దానికి తలకిందులుగా ఉంది. వైరస్‌ను సగం మేరకు అణచడానికి డొలుటెగ్రావిర్ మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు చాలు. రోజుకు 50 మిల్లీగ్రాముల గోలి వేసుకునేవారి వెన్నునీటిలో అది 13 నానోగ్రాముల చుట్టూ దొరికింది, అంటే కావలసినదానికి అరవై రెట్లకు పైమాటే. టెనోఫోవిర్ 5 శాతం చేరినా, చాలామందిలో ఆ చేరిన మోతాదు వైరస్‌ను అణచే హద్దుకు కిందనే ఉంది.

సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసేవారికి ఈ లెక్క కొత్తది కాదు. డ్యామ్ దగ్గర ఎన్ని వేల క్యూసెక్కులు వదిలారో పేపర్లో వస్తుంది గానీ, చివరి ఆయకట్టు రైతు తన మడిలో దిగి, పాదం మునిగిందా లేదా అని చూసుకుంటాడు. వదిలిన నీళ్లలో తన దాకా ఎన్నో వంతు వచ్చిందన్న లెక్క ఆయనకు అక్కరలేదు. మందు విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న అదే: చేరినది ఎన్నో వంతు అని కాక, ఆ వైరస్‌కు అది సరిపోతుందా అని.

మార్కుల పట్టికను పక్కపక్కన పెడితే

పెద్దాయనకు చూపించిన పట్టిక అమెరికా పరిశోధకులు 2008లో ప్రకటించి, 2010లో సవరించినది. మెదడులోకి చేరి పనిచేసే సామర్థ్యాన్ని బట్టి ఒక్కొక్క హెచ్‌ఐవీ మందుకు 1 నుంచి 4 దాకా మార్కులు వేసి, ఒక మనిషి వాడే మందుల మార్కులన్నీ కూడతారు. జిడోవుడిన్‌కు 4, నెవిరాపిన్‌కు 4, ఎఫవిరెంజ్‌కు 3, అబాకావిర్‌కు 3, లామివుడిన్‌కు 2, టెనోఫోవిర్‌కు 1. డొలుటెగ్రావిర్ 2013లో గానీ రాలేదు కాబట్టి దానికి తర్వాతి కాలంలో 4 వేశారు.

ఈ లెక్కన మన దగ్గర ఒక్కొక్క కాలంలో ఇచ్చిన కలయికలను కూడితే, 2004లో ఉచిత ఏఆర్‌టీ మొదలైన కొత్తలో ఇచ్చిన కలయికల్లో ఒకటైన జిడోవుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ జోడింపుకు 10 వస్తాయి. ఆ తర్వాత వచ్చిన టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫవిరెంజ్ కలయికకు 6, ఇప్పటి టీఎల్‌డీకి 7 వస్తాయి. మొదటి వరుస పనిచేయకపోతే సెకండ్ లైన్‌గా ఇస్తూ వచ్చిన టెనోఫోవిర్, లామివుడిన్‌లతో కూడిన అటజనావిర్-రిటోనావిర్‌కు 5 మాత్రమే వస్తాయి. పెద్దాయన గుర్తుపెట్టుకున్నది ఈ 10నీ, 7నీ.

మరి 10 వచ్చినదే వాడితే పోలేదా అంటే, ఆ మాటను పరీక్షించి చూసినవారు ఉన్నారు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎక్కువ మార్కుల మందులు వాడినవారి వెన్నునీటిలో వైరస్ బాగానే తగ్గింది, కానీ జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షల్లో వారికి మెరుగైన ఫలితం రాలేదు, పైగా తగ్గింది. యూరప్, అమెరికాల్లో 60 వేలకు పైగా రోగుల వివరాలు కూర్చి 2014లో ప్రకటించిన విశ్లేషణలో, ఎక్కువ మార్కుల కలయికలు వాడినవారిలోనే హెచ్‌ఐవీ వల్ల వచ్చే మతిభ్రంశం (డిమెన్షియా) ఎక్కువగా కనిపించింది. అదే సంవత్సరం వెలువడిన మరో ప్రయోగంలో 49 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కావాలనే మెదడుకు బాగా చేరే మందులు ఇచ్చి చూశారు. లాభమేమీ తేలేలా లేదని దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈ అధ్యయనాలకు వాటి లోపాలు వాటికున్నాయి, ముఖ్యంగా మతిమరుపు ముందే మొదలైనవారికి డాక్టర్లు ఎక్కువ మార్కుల మందు ఎంచి ఇచ్చి ఉంటే లెక్క తారుమారవుతుంది. అయినా మార్కులు పెరిగితే మెదడు మెరుగవుతుందన్న మాటకు గట్టి ఆధారం దొరకలేదన్నది మాత్రం నిజం.

పాత కలయికకు చెల్లించాల్సిన ధర కూడా చిన్నది కాదు. జిడోవుడిన్‌లో దాదాపు 60 శాతం వెన్నునీటికి చేరుతుందన్నది నిజమే, నెవిరాపిన్ 45 శాతం చేరుతుందన్నదీ నిజమే. అయితే మొదటిది రక్తహీనత తెస్తుంది, రోజుకు రెండు పూటలా వేసుకోవాలి. రెండోది కొందరిలో ఒళ్లంతా దద్దుర్లు లేపి, మరికొందరిలో కాలేయాన్ని ప్రమాదకరంగా దెబ్బతీస్తుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది: వైరస్‌లో ఒక్క మార్పు వస్తే చాలు, నెవిరాపిన్ పనిచేయడం మానేస్తుంది. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు మట్టిపనికీ సెంట్రింగ్ పనికీ పోయి, ఊరికి రాకపోకల నడుమ పది రోజుల మందు తప్పిపోయే కూలీకి ఈ గుణం ప్రాణాంతకమవుతుంది. డొలుటెగ్రావిర్‌కు వైరస్ అంత సులువుగా లొంగకుండా పోదు. రక్తంలో వైరస్ మళ్లీ లేస్తే మెదడులో ఎలాగూ లేస్తుంది కాబట్టి, రోజూ తప్పకుండా వేసుకోగలిగే ఒక్క గోలి 7 మార్కులతోనే 10 మార్కుల రెండు పూటల మందును మించుతుందని నా అభిప్రాయం.

ఎఫవిరెంజ్ గురించి ఒక మాట. వెన్నునీటిలో అది ఒక శాతం కూడా ఉండదు, 99 శాతానికి పైగా ప్రొటీన్లకు అతుక్కునే ఉంటుంది. అయినా దాన్ని వాడిన వాళ్లను అడగండి, పడుకోగానే సినిమా చూసినట్టు కలలు వచ్చేవని, పొద్దున లేస్తే తల తిరిగేదని చెబుతారు. ఒక శాతం లోపు చేరితేనే అంత పని చేసింది!

చేరడం నిజంగా లెక్కకు వచ్చే చోటు

మార్కులను పూర్తిగా చెత్తబుట్టలో వేయమని కాదు. రక్తంలో వైరస్ కనపడకుండానే వెన్నునీటిలో కనిపించే స్థితి ఒకటి ఉంది, డాక్టర్లు దాన్ని సీఎస్‌ఎఫ్ ఎస్కేప్ అంటారు. నడక తడబడటం, చేతులు వణకడం, తలనొప్పి, ఫిట్స్, కొత్తగా వచ్చిన మతిమరుపు దాని లక్షణాలు. గతంలో మందులు తప్పి వైరస్‌కు నిరోధం, అంటే మందులకు లొంగని గుణం వచ్చి, అటజనావిర్ వంటి సెకండ్ లైన్ మీద ఉన్నవారిలో ఇది కనిపిస్తుందని మన దేశపు డాక్టర్లు కూడా రాశారు. అలాంటి మనిషికి వెన్నునీటిలో వైరల్ లోడ్ చూసి, వీలైతే ఏ మందులకు నిరోధం వచ్చిందో పరీక్షించి, లొంగే మందుల్లో మెదడుకు బాగా చేరేవాటిని ఎంచుకుంటారు. అక్కడ 5కూ 8కీ ఉన్న తేడాకు విలువ ఉంది.

కానీ అంతదాకా పోయేముందు మతిమరుపుకు మన ప్రాంతంలో ఉన్న మామూలు కారణాలన్నీ దాటి రావాలి. క్షయ మెదడు పొరలకు పాకిందా, క్రిప్టోకాకస్ అనే బూజు చేరిందా, సిఫిలిస్ ఉందా, థైరాయిడ్ ఎలా ఉంది, బీ12 ఎంతుంది, దిగులుతో మనిషి కుంగిపోయాడా అన్నవి చూస్తారు. పాలమూరు దిక్కు డాక్టర్లయితే ఇంకో ప్రశ్న తప్పక అడుగుతారు: కల్లు ఏ కాంపౌండ్‌లో తాగుతున్నావు అని. అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటు పడ్డ మనిషి తాగితే మతిమరుపు, మానితే వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్. దానికి ఏఆర్‌టీ గోలి మార్చి లాభం లేదు.

మెదడువాపులో: గోలీయా, ఇంజెక్షనా

ఇక్కడ ఎంచుకునే తీరే వేరు, ఎంచుకోవడానికి ఉండేది గంటల వ్యవధి. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపులో జ్వరంతో పాటు మనిషి తికమకగా మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి, అయినవాళ్లనే పోల్చుకోడు. వైద్యం అందకపోతే పది మందిలో ఏడుగురు చనిపోయే జబ్బు ఇది. దీనికి మందు ఎసైక్లోవిర్. రక్తంలో ఉన్నదాంట్లో దాదాపు సగం వెన్నునీటికి చేరుతుంది కాబట్టి అడ్డుగోడ దీనికి పెద్ద సమస్య కాదు. సమస్యంతా పొట్టలో ఉంది: గోలీగా మింగితే 10 నుంచి 20 శాతమే రక్తంలోకి ఎక్కుతుంది. రక్తంలోనే లేని మందు మెదడుకు ఎక్కడి నుంచి పోతుంది?

కొన్నేళ్ల కిందట దేవరకొండ అవతలి నుంచి ఒక కుటుంబం చీటీ పట్టుకుని వచ్చింది. ఇంటామెకు నాలుగు రోజులుగా జ్వరం, కొడుకును చూసి "ఎవరు బిడ్డా నువ్వు" అంటోందట, గాలి సోకిందని ఒక రోజు అంత్రం కట్టించారట. చీటీలో ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల గోలీలు రాసి ఉన్నాయి. రాసింది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. మందు పేరు సరైనదే, కానీ వెళ్లాల్సిన దారి అది కాదు. గోలీలు ఇవ్వకుండా 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పంపించాను. చీటీ మీద సరైన పేరు ఉండటమే ఆ రోజు వాళ్లను మోసం చేయబోయింది.

సరైన దారి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. 50 కిలోల మనిషికి కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున 500 మిల్లీగ్రాముల పొడిని కరిగించి, 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, గంటసేపు ఎక్కిస్తారు. మామూలు డ్రిప్ సెట్‌లో అది నిమిషానికి 33 చుక్కల చొప్పున పడుతుంది, నర్సు వాచీ చూస్తూ లెక్కపెడుతుంది. తొందరపడి పది నిమిషాల్లో దించేస్తే మందు కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది, కాబట్టి నీళ్లు బాగా అందేలా కూడా చూస్తారు. ఆ ద్రవానికి క్షారగుణం ఎక్కువ, నరం బయటికి జారితే చర్మం కాలుతుంది. ప్రతి 8 గంటలకోసారి ఇలా 14 నుంచి 21 రోజులు ఇస్తారు. మూడో రోజు మనిషి తేరుకుని మాట్లాడుతుంటే ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టేవాళ్లు ఉంటారు, ఆ మాట ఎత్తవద్దు.

వాలసైక్లోవిర్ గోలి ఎసైక్లోవిర్ కంటే మెరుగు, మింగినదాంట్లో సగానికి కొంచెం పైగా ఎసైక్లోవిర్‌గా మారి రక్తంలోకి చేరుతుంది. సర్పికి అది చక్కగా సరిపోతుంది, మెదడువాపుకు ఇంజెక్షన్ దొరికే చోట మాత్రం దానికి బదులు కాదు. ఇంజెక్షన్ కోర్సు అయిపోయాక మరో 90 రోజులు ఈ గోలి వాడితే ఇంకా బాగా కోలుకుంటారేమోనని ప్రయోగం చేశారు, అదనపు లాభం కనిపించలేదు.

నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ, సూర్యాపేటలోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అయినా హైదరాబాద్‌కు తీసుకుపోవాలనుకునే కుటుంబాలు చాలా ఉంటాయి. తీసుకుపోండి, కానీ వంద కిలోమీటర్ల దారి పట్టేముందు "మొదటి డోసు ఇక్కడే ఎక్కిస్తారా" అని డాక్టరును అడగండి. ఆలస్యమయ్యేకొద్దీ మెదడులో దెబ్బతిన్న భాగం పెరుగుతుంది, స్కానింగ్ రిపోర్టు కోసం ఆగాల్సిన పని లేదు. వెన్నునీటి పరీక్ష తొలి మూడు రోజుల్లో చేస్తే వైరస్ ఉండి కూడా లేదని రావచ్చు, అనుమానం బలంగా ఉంటే మందు ఆపకుండా మళ్లీ చేస్తారు. జపనీస్ మెదడువాపు, చండీపురా వంటివాటికి ఇలా పోల్చి ఎంచుకోవడానికి వైరస్‌ను చంపే మందే లేదు. అక్కడ పని అంతా ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలపడం, మెదడు వాపు తగ్గించడం.

మెదడుకు మందు ఎక్కువ చేరితే మంచిదే కదా అనుకునేవారు డయాలసిస్ మీద ఉన్న మనిషిని గుర్తుంచుకోవాలి. సర్పి వచ్చిందని ఆయనకు అందరికీ ఇచ్చినట్టే రోజుకు అయిదుసార్లు 800 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ ఇస్తే, కిడ్నీ బయటికి పంపలేక మందు పేరుకుపోయి, రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించడం, వణకడం, తికమకగా మాట్లాడటం మొదలవుతాయి. అలాంటివారికి రోజుకు రెండుసార్లే ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే సర్పి మందు కొనేటప్పుడే ఆ మాట చెప్పాలి.

మళ్లీ పెద్దాయన దగ్గరికి

ఆ రోజు ఆయన సంచిలోని మందులన్నీ కౌంటర్ మీద పెట్టమన్నాను. టీఎల్‌డీ డబ్బా, క్యాల్షియం గోలీలు, గ్యాస్ సిరప్, చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మోకాళ్లు పట్టేసిన తరం మాది, క్యాల్షియం గోలి లేని ఇల్లు ఆ మండలాల్లో తక్కువ. ఆయన పొద్దున పరగడుపున టీఎల్‌డీ, క్యాల్షియం, సిరప్ మూడూ కలిపి మింగేస్తున్నాడు. క్యాల్షియం, ఐరన్, గ్యాస్ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం డొలుటెగ్రావిర్‌ను పొట్టలోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. మెదడు గోడ దాకా ఎందుకు, మందు పేగు గోడనే సరిగా దాటడం లేదు!

టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత గానీ సిరప్ తాగవద్దని, సిరప్ ముందు తాగితే ఆరు గంటలు ఆగాలని చెప్పాను. క్యాల్షియం, ఐరన్ గోలీలకైతే ఒక సడలింపు ఉంది, కడుపునిండా తిని వేసుకుంటే టీఎల్‌డీతో కలిపే వేసుకోవచ్చు. మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటుతోందేమో డాక్టరుకు చూపించమన్నాను, డొలుటెగ్రావిర్ దాన్ని రక్తంలో పెంచుతుంది. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవారైతే అది డొలుటెగ్రావిర్‌ను బాగా తగ్గించేస్తుంది కనుక లెవెటిరాసెటమ్ వంటిదానికి మార్చుతారు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నంతకాలం డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. రాత్రి నిద్ర పట్టడం లేదని కూడా అన్నాడు, టీఎల్‌డీని పొద్దుటి పూటే ఉంచమన్నాను.

మతిమరుపు సంగతి ఏఆర్‌టీ డాక్టరుకు దాచకుండా చెప్పమని, బీ12, థైరాయిడ్ పరీక్షలతో మొదలుపెడతారని, వెన్నునీరు తీయాల్సి వస్తే భయపడవద్దని ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి క్యాల్షియం డబ్బాలో పెట్టుకోబోయి, ఒక్క క్షణం ఆగి, టీఎల్‌డీ డబ్బాలో పెట్టుకున్నాడు.